తెరవకూడని సంఘచరిత్ర

లైబ్రరీ బైండింగ్ గదిలో, బల్ల మీదికి ఒరిగిపోయి ఉన్నాడు బావ. సైలెన్సర్ పిస్టల్, ఒకే ఒక్క బుల్లెట్. వంగి ఆయన కళ్లు మూశాడు ఏజెంట్ ఉడుము. పట్టాడంటే వదలడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. అక్క మొగుడు, పని నేర్పిన గురువు, బైండర్ వేషంలో పనిచేస్తున్న సీనియర్ ఏజెంట్... ముగ్గురూ ఆ ఒక్క మనిషే.

"ఏడవడానికి టైమ్ లేదు," అన్నాడు చీఫ్. "మధ్యాహ్నం కింది హాల్లో శాంతి ఒప్పందం. సంతకాలయ్యాక అవతలి దేశం మంత్రికి తొలినాటి క్రైస్తవ సంఘచరిత్ర పుస్తకం బహుమతిగా ఇస్తాం. ఎప్పుడో తాతల కాలం నాటి అనువాదం. ఫారిన్ ముఠా ఒకటి ఈ ఒప్పందాన్ని చెడగొట్టడానికి దిగింది. ఎలాగో మీ బావ కనిపెట్టినట్టున్నాడు. చెప్పేలోపే లేపేశారు."

"ఇంతమంది గార్డులు ఏం పీకుతున్నారు సర్?"

"నోరు అదుపులో పెట్టుకో! వెయిటర్ వేషంలో వెళ్లు. లోపల మన మనిషి 'పావురం' ఉంది. పాత పుస్తకాల రిపేర్ ఎక్స్‌పర్ట్, పదేళ్ల అనుభవం. ఆవిడ చెప్పినట్టు చెయ్యి."

హాల్లో ఉడుము టీ ట్రే పట్టుకుని నిలబడ్డాడు. పళ్లు కొరుక్కుంటూ ఎలా నవ్వాలో డిపార్ట్‌మెంట్ ట్రైనింగ్‌లో నేర్పలేదు. సంతకాలు అయిపోయాయి. అప్పుడొచ్చింది పావురం. తలలన్నీ అటే తిరిగాయి. నల్ల గౌను, ఎర్రటి పెదాలు, చేతుల్లో ఆ పుస్తకం, ఆ చేతులకి తెల్లటి గ్లవ్స్.

"ఆల్ క్లియర్. ఆ మొహం కాస్త మార్చు," పక్కనుంచి వెళ్తూ గుసగుసలాడింది.

గ్లవ్స్ చూసి ఉడుము బుర్ర గిర్రున తిరిగింది. బైండింగ్ నేర్చుకోవడానికి వెళ్లిన మొదటిరోజు, సినిమాల్లో చూసి తనూ గ్లవ్స్ తొడుక్కుంటే, బావ స్కేలుతో వేళ్ల మీద ఒక్కటిచ్చాడు. "ఏరా, గుడ్డ అడ్డముంటే కాగితం వేలికి తెలుస్తుందా? చింపేస్తావురా! పో, చేతులు కడుక్కుని, బాగా ఆరాక రా!" పాత పుస్తకాలతో పదేళ్లు బతికిన మనిషి ఇలా గ్లవ్స్‌తో రాదు. వేలిముద్రలు దొరకకూడదనుకునే మనిషి వస్తుంది.

పుస్తకం అందుకున్న మంత్రి వేలు అట్ట మీది ఇత్తడి కొక్కెం మీద పడింది.

"తెరవకండి!"

ఒక్క గెంతులో వెళ్లి మంత్రి మణికట్టు పట్టి లాగేశాడు. పావురం లిప్‌స్టిక్ తీసింది. లిప్‌స్టిక్ కాదది, పిస్టల్! ఉడుము రెండో చేతిలో ఉన్న ట్రే, మరిగే టీతో సహా ఆమె మొహాన పడింది. గుండు సీలింగ్‌లో దిగింది.

బాంబ్ స్క్వాడ్ వాళ్లు ఎక్స్‌రే తీసి నోళ్లు వెళ్లబెట్టారు. మతం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షుల కథలున్న పేజీలన్నీ తవ్వేసి, పేలుడు మందు కూరి, వైరు కొక్కేనికి కట్టారు.

"ఎలా పట్టావురా నన్ను?" బేడీల్లో బుసకొట్టింది పావురం.

"మా బావని చంపేముందు ఒక్కరోజు ఆయన దగ్గర పని నేర్చుకోవాల్సిందే, దొంగమొహమా!"

సాయంత్రం చీఫ్ ఉత్సాహంగా ఫోన్ చేశాడు. "శభాష్! అన్నట్టు, మంత్రిగారు ఆ పుస్తకం బాగుచేయించి పంపమంటున్నారు. మంచి బైండర్ ఎవరైనా తెలుసా?"

"ఒకాయన ఉండేవాడు సర్," అన్నాడు ఉడుము. "పొద్దున ఆయన్నే మీరు వెనక గేటు నుంచి మార్చురీకి పంపించారు."