ఇరవై ఏడో ఖోలీలో పుస్తకం చదివినవాళ్లు

బొంబాయి కామాఠిపురంలో ఖాళీ ఖోలీ ఉందంటేనే జనం అనుమానంగా చూసేవాళ్లు. ఒక్కో గదిలో పదిమంది సర్దుకుని పడుకునే చోట, మెట్ల కింద కూడా సంసారాలు నడిచే చోట — పదకొండో గల్లీలోని వరస గదుల పాత చాల్‌లో, మూడో అంతస్తు చివరన, ఇరవై ఏడో నంబరు గది దాదాపు పద్నాలుగేళ్లు తాళంతో ఉండిపోయింది.

ఎందుకో అందరికీ తెలుసు. పెంటయ్య అనే పాలమూరు కూలీ ఒక వానాకాలం రాత్రి అందులో చచ్చిపోయాడు. బోనాల రోజులు. ఆ అంతస్తులో వాళ్లంతా ఊళ్లకు పోయారు. లోపలి నుంచి తలుపు బాదాడట... బాదుతూనే ఉన్నాడట. తెల్లారి చూస్తే శవం.

ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు అద్దెకు దిగారు. రాత్రిళ్లు గోడలో ఎవరో తడుతున్నారని, తలుపు దానంతట అదే బిగుసుకుంటోందని చెప్పి, నెల తిరక్కుండా వెళ్లిపోయారు.

ఇదంతా నాకు సాయిలు చెప్పాడు. దాదర్‌లో మన తెలుగువాళ్ల సంఘం గదిలో, చిరిగిన పుస్తకాలకు అట్టలు వేస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు. నేను విన్నది విన్నట్టే చెబుతున్నాను.

అది ఎనభై మూడు. మిల్లుల సమ్మె మొదలై ఏడాదిన్నర కావస్తోంది. అదే అంతస్తులో ఉండే సాయిలు వర్లిలో ఒక మిల్లులో మగ్గం నడిపేవాడు. ముప్పై ఏళ్లు లేవు, పెళ్లి కాలేదు, పని లేదు. ఫాక్‌లాండ్ రోడ్డు ఫుట్‌పాత్ మీద పాత కాగితాల కుప్పలో అతనికి ఒక తెలుగు పుస్తకం దొరికింది. అట్ట లేదు. ముందు పేజీలు లేవు. పేరేమిటో, రాసిందెవరో తెలియదు.

ఆ రాసినాయన దెయ్యాలున్నాయని పేరుపడ్డ ఇళ్లకు వెళ్లి, అక్కడ ఉండి, చూసింది చూసినట్టు తారీఖు, టైముతో సహా రాశాడు. ఏది మోసమో, ఏది గాలి శబ్దమో విడదీసి చెప్పేవాడు. కొన్నిచోట్ల మాత్రం — "ఇది నాకు అర్థం కాలేదు" అని రాసి ఊరుకునేవాడు.

సాయిలు దాన్ని గదుల ముందుండే గ్యాలరీలో కూర్చుని పక్కగది గంగవ్వకు చదివి వినిపించడం మొదలుపెట్టాడు. ఇరవై ఆరో నంబరులో ఉండేది ఆమె. కొడుకూ కోడలూ పనికి ఊరు దాటి పోతే, ఇద్దరు మనవళ్లను పెట్టుకుని నలుగురికి వండిపెట్టి బతికేది. నాలుగు రోజుల్లో వినేవాళ్లు ఎనిమిదిమందయ్యారు. నెలలో పదిహేనుమంది. చాల్‌లో కుర్రకారంతా మరాఠీ బడుల్లో చదివినవాళ్లు. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్లూ వచ్చి కూర్చున్నారు.

జూన్‌లో వాన పట్టుకుంది. గ్యాలరీ తడిసిపోయింది. సాయిలు వెళ్లి చాల్ యజమాని — మాలక్ — గుమాస్తాను అడిగాడు — ఇరవై ఏడు ఇస్తారా అని. వాడు మారుమాట లేకుండా తాళంచెవి చేతిలో పెట్టాడు.

అలా దెయ్యాల గదిలోనే దెయ్యాల పుస్తకం. ప్రతి ఆదివారం పొద్దుగూకాక చదువు, తర్వాత వాదన. సాయిలు ఒకటే నియమం పెట్టాడు.

"ఎవరో చెప్పింది చెప్పొద్దు. నువ్వు చూసింది, నువ్వు విన్నది... గంతే."

ఆ నియమంతో ఇరవై ఏడో నంబరు చెడ్డపేరు రెండు వారాల్లో పలచబడింది. పెంటయ్యను చూశామన్నవాళ్లు ఒక్కరూ తేలలేదు. అందరూ ఎవరి నోటో విన్నవాళ్లే.

ఒక్క లచ్చయ్య తప్ప. అరవై దాటిన తాపీమేస్త్రీ. రెండో అంతస్తులో, సరిగ్గా ఇరవై ఏడు కింద ఒంటరిగా ఉండేవాడు. ప్రతి ఆదివారం వచ్చేవాడు గానీ గడప దాటేవాడు కాదు. బయట గ్యాలరీలో, తడిలోనే, గోనెసంచి కప్పుకుని కూర్చుని వినేవాడు. పోయేముందు ప్రతిసారీ ఒకటే మాట — "ఈ ఖోలీ మంచిది కాదు బిడ్డా. ఇంకోతాన కూసోన్రి."

"నువ్వేమన్న చూసినవా కాకా?" అని సాయిలు అడిగేవాడు.

లచ్చయ్య నేల చూసేవాడు. "లే... నేనేం చూడలె."

"మరి?"

లచ్చయ్య గోనెసంచి సర్దుకుని మెట్లు దిగేవాడు. కుర్రాళ్లు నవ్వుకునేవాళ్లు.

జూలై నెలలో ఒక ఆదివారం, ఆ పుస్తకం రాసినాయన మూసిన ఇంట్లో ఒక రాత్రంతా ఒంటరిగా గడిపిన అధ్యాయం చదివారు. చదవడం అయిపోయాక, మున్సిపల్ బడిలో ఆయాగా చేసే శాంతాబాయి అంది — "అరే, ఆయన ఎక్కడెక్కడికో పోయి చూసిండు. మనం ఈడనే కూసున్నం కదా. ఎవరన్న ఒక్క రాత్రి ఉండి చూడుండ్రి నా."

అందరూ సాయిలు వైపు చూశారు. అతను సరేనన్నాడు.

బయటి నుంచి లచ్చయ్య గొంతు. "వద్దు సాయిలూ."

"ఎందుకు కాకా?"

"వద్దన్న గద..."

అంతకుమించి చెప్పలేదు. చెప్పి ఉంటే కథ అక్కడే ఆగేది.

ఆ రాత్రే సాయిలు లోపల గడియ పెట్టుకున్నాడు. పుస్తకంలో చెప్పినట్టే చేశాడు. గంగవ్వ ఇచ్చిన జొన్నపిండి గడప దగ్గర పలచగా చల్లాడు, ఎవరైనా వస్తే అడుగు పడాలని. లాంతరు, చేతిగడియారం, నోటుబుక్కు పక్కన పెట్టుకున్నాడు. బయట వాన హోరు. రేకుల మీద పడే ఆ మోతలో పక్కింటి దగ్గు కూడా వినపడడం లేదు.

పది ఇరవైకి మొదటి చప్పుడు.

టక్... ఎవరో వేలి కణుపుతో తట్టినట్టు. గోడలోంచి. అతను టైము రాసుకున్నాడు. ఎలుక కావచ్చు అని కూడా రాశాడు.

పదకొండుంబావుకు ఇంకోటి. పదకొండు నలభైకి రెండు. పన్నెండు దాటాక పది నిమిషాలకొకటి. నోటుబుక్కులో అంకెలు దగ్గర దగ్గరగా జరుగుతున్నాయి... ఏదో నడిచి వస్తున్నట్టు.

పన్నెండున్నరకు అతను గడప వైపు లాంతరు ఎత్తాడు.

పిండి మీద అడుగులు లేవు. కానీ దాని మీద బూడిదరంగు గీత ఒకటి పడి ఉంది, సన్నగా, తలుపు పొడవునా. ఎవరో పైన నిలబడి చల్లినట్టు.

చాలనిపించింది. పరీక్ష చాలు. నవ్వితే నవ్వనీ అనుకుని లేచాడు. గడియ తీశాడు. తలుపు లోపలికి లాగాడు.

రాలేదు.

మళ్లీ లాగాడు. తలుపు చెక్క కదలనైనా కదల్లేదు. గోడలో కలిసిపోయినట్టుంది. గడియ తీసే ఉంది — వేలితో తడిమి చూసుకున్నాడు. పైనా కిందా చూశాడు. బయట ఎవరైనా గొళ్లెం పెట్టారా అనుకుందామంటే, ఆ తలుపుకు బయట గొళ్లెమే లేదు; చెక్కలో బిగించిన తాళం ఒక్కటే, దాని చెవి అతని జేబులోనే ఉంది.

"గంగవ్వక్కా..." అని పిలిచాడు. తన గొంతు తనకే వినపడలేదు, వాన అలా ఉంది. అరిచాడు. తలుపు బాదాడు. బాదుతుండగా గుర్తుకొచ్చింది — పెంటయ్య కూడా ఇలాగే బాదాడు కదా అని.

చేతులు ఆగిపోయాయి.

గది పది అడుగులు. వెనక ఒక చిన్న కిటికీ, దానికి ఇనుప చువ్వలు, అవతల మూడంతస్తుల లోతు. "ఆ గది చిన్నదైపోతున్నట్టు అనిపించింది నాకు. పైకప్పు కిందికొచ్చి నా తలమీద కూసున్నట్టు," అన్నాడు సాయిలు నాతో. అది నిజంగానే కిందికొస్తోందని అప్పటికి అతనికి తెలియదు.

ఇక మిగిలింది బలమొక్కటే. పాదం గోడకు తన్నిపెట్టి, రెండు చేతులా గడియ పట్టుకుని, ఒంట్లో ఉన్నదంతా పెట్టి గుంజుదామని వంగాడు. మిల్లులో పదేళ్లు చేసిన చేతులవి. ముందు ఒక్కసారి, గంగవ్వకు వినపడుతుందేమోనని, ఆమె గది వైపు గోడ మీద పిడికిలితో మూడు దెబ్బలు కొట్టాడు.

అటునుంచి మూడు దెబ్బలు వచ్చాయి.

సాయిలుకు ఏడుపొచ్చినంత పనైంది. గంగవ్వ విన్నది. కానీ పుస్తకం అతనికి నేర్పింది ఒకటుంది — ఒక్కసారికి నమ్మకూడదు. ఈసారి ఐదు కొట్టాడు.

ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు.

తలుపు వదిలేసి ఆ గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. మనిషి ఊపిరి వినపడుతుందేమోనని. ఏమీ లేదు. అక్కడే, అలాగే, ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు.

అప్పుడు తలుపు సందులోంచి గుసగుస.

"సాయిలూ... తలుపు ముట్టకు."

లచ్చయ్య గొంతు. సాయిలు అటు పరుగెత్తబోయాడు.

"రాకు. గడప కాడికి రాకు. పైన దూలం ఇరిగింది. మొత్తం బరువు ఈ తలుపు మీదనే ఆగున్నది. నువ్వు గుంజినవనుకో... మొత్తం నీమీద పడ్తది."

"మరెట్ల కాకా?" సాయిలు ఉన్నచోటే ఆగిపోయాడు.

"ఎనక కిటికీ. ఎడమదిక్కు రెండు చువ్వలు సున్నంల నిలవెట్టిన, సిమెంటు కాదు. తడిసి మెత్తగైతది. గెలుకు. మెల్లగ... కొట్టకు, గెలుకు."

లాంతరు తీగ ఊడదీసి, దాంతో గెలికాడు. తడి సున్నం ముద్దలు ముద్దలుగా ఊడింది. వీపు వెనక గోడలో చప్పుళ్లు ఆగకుండా వస్తున్నాయి. తల తిప్పితే చేయి ఆగిపోతుందని తిప్పలేదు. లచ్చయ్య తలుపు అవతల నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు — అయిందా, ఎంతయింది, తొందరపడకు అని. ఆ ముసలాయన నిలబడ్డదీ ఆ దూలం కిందే.

రెండో చువ్వ ఊడేసరికి రెండు దాటింది. భుజాల చర్మం లేచిపోయేలా దూరి, నీళ్ల పైపు పట్టుకుని, కింద మరుగుదొడ్ల రేకుల మీదికి జారాడు.

అప్పటికే లచ్చయ్య, గంగవ్వ కలిసి చాల్‌లో వాళ్లందర్నీ గల్లీలోకి దించేశారు. తెల్లవారుజామున నాలుగింటికి మూడో అంతస్తు మూల, ఇరవై ఏడు, ఇరవై ఆరు, వాటితోబాటు కింద లచ్చయ్య గది — నేలమీద కూర్చుండిపోయినట్టు కూలాయి. ఒక్క ప్రాణం పోలేదు.

మర్నాడు అందరినీ ఒక బడిలో ఉంచారు. మధ్యాహ్నం, గంగవ్వ మనవళ్లు నిద్రపోయాక, లచ్చయ్య వచ్చి సాయిలు పక్కన కూర్చున్నాడు. అడగకుండానే చెప్పాడు.

"ఇరవై ఆరు, ఇరవై ఏడు మొదలు ఒక్కటే పెద్ద ఖోలీ బిడ్డా. నడుమ కట్టె స్తంభముండె. రెండు ఖోలీలు చెయ్యాలె, అది అడ్డమొస్తుంది, తీసెయ్యన్నడు మాలకు. వద్దన్న. ఇనలే. తీసిన. ఆ బరువు పోయి దర్వాజ మీద పడ్డది. వానకు కట్టె ఉబ్బితె తలుపు బిగుసుకుంటది. గోడల తట్టుడు, గడప మీద మన్ను రాలుడు కూడ ఆ కట్టె పగిలేదే."

"పెంటయ్య?"



"లోపల బాదుతున్నడు. నేనొక్కన్నే ఉన్న. తలుపు రాకపాయె. భుజం పెట్టి తోసిన... తెరుసుకున్నది." లచ్చయ్య తన చేతులు చూసుకున్నాడు. "పైన దూలం దిగింది వాని మీదికి. రాత్రికి రాత్రే మాలకు మనుషులొచ్చి ఎత్తి కట్టిండ్రు. నోరు ముయ్యమన్నరు. మూసిన."

గంగవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"దయ్యమున్నదని పుట్టిచ్చింది నేనే. దూలం పాడైందంటె ఎవరాగుతరు సాయిలూ? కామాఠిపురల ఏ ఇంటి దూలం మంచిగున్నది? దయ్యమంటెనే ఆగిండ్రు. పద్నాలుగేండ్లు ఆగిండ్రు. నువ్వొచ్చి, చూసినోన్ని చూపియ్యమన్నవ్... నేను చూసినంటె, ఏం చూసినవని అడుగుతవ్, ఏం చెప్పాలె?"

సాయిలుకు కోపం రావాలి. రాలేదట. ఆ ముసలాయన వీపు మీద చేయి వేశాడట.

"రాత్రి కూడ భయపడ్డ," అన్నాడు లచ్చయ్య. "నా పక్క మీద మట్టి రాలంగనే ఉరికి గంగవ్వను, పిల్లలను దించిన. నువ్వు లోపలున్నవని ఎర్కే. గల్లీల నిలవడి ఉన్న, కాళ్లు రాలె. జరసేపటికి గాని ఎక్కలేదు."

"ఎక్కినవ్ గద కాకా. నువ్వు గోడ మీద కొట్టకపోతే నేను సచ్చేటోన్ని. తలుపు గుంజనీకి వంగి ఉన్న. నేను మూడంటె నువ్వు మూడు, నేనైదంటె నువ్వైదు. అందుకే తలుపు ఇడిశిపెట్టిన."

లచ్చయ్య అర్థం కానట్టు చూశాడు.

"ఏ గోడ?"

"గంగవ్వక్క దిక్కు గోడ."

లచ్చయ్య గంగవ్వ వైపు తిరిగాడు. గంగవ్వ మెల్లగా తల అడ్డంగా ఊపింది. "మేమప్పటికి కిందనే ఉన్నం తమ్మీ. దీపమార్పి, తాళమేసి దిగిన."

లచ్చయ్య గొంతు గుసగుసకు దిగిపోయింది.

"నేను తలుపు కాడికే వచ్చిన బిడ్డా. ఆ గోడ ముట్టుకుంటె కూలుతదని తెలిసినోన్ని... నేనెట్ల కొడత?"