మైనస్ మూడో అంతస్తు

పట్టుబడగానే ముఠా కొరియర్ సయనైడ్ కొరికేశాడు. మిగిలింది అతని జేబులోని ఆస్పత్రి విజిటర్ పాస్. దాని వెనక కనిపించని సిరాతో ఒకే ఒక్క లైను: x² + 2x − 3 = 0.

"ఈ విదేశీ ముఠా కోడ్ మనకు తెలిసిందే." ఏజెంట్ డేగ ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "డిస్క్రిమినెంట్, అదే బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ, పాజిటివ్ అయితే రెండు బాంబులు. సున్నా అయితే ఒకటి. నెగెటివ్ అయితే వాస్తవ సాధనలు లేవు, బాంబూ లేదు. సాధన ఎంతో, అంతస్తు అంత. జనాన్ని ఖాళీ చేయించామా, రిమోట్ నొక్కేస్తారు."

ఆ ఆస్పత్రి మొదటి అంతస్తులోనే, ఆపరేషనై కదల్లేని స్థితిలో డేగ అక్క ఉంది. చిన్నప్పుడు లెక్కలు చెబుతూ, మైనస్ గుర్తు మింగేసినప్పుడల్లా చెవి మెలిపెట్టిన అక్క.

లిఫ్ట్ మెకానిక్ వేషంలో అతను, డాక్టర్ వేషంలో అతని పార్ట్‌నర్ లిఫ్ట్ ఎక్కారు. ఆమె అందగత్తె, పైగా మ్యాథ్స్ గోల్డ్ మెడలిస్టు. ఆమె ఉండగా తనకెందుకులే అని డేగ లెక్క ఆమెకే వదిలేశాడు.

"బీ స్క్వేర్ నాలుగు. ఫోర్ ఏసీ పన్నెండు. తీసేస్తే మైనస్ ఎనిమిది. బాంబే లేదు. పద, పోదాం."

డేగకు ప్రాణం లేచొచ్చింది. తలుపు తెరిచే బటన్ నొక్కబోయాడు. వేలు గాల్లోనే ఆగింది. బటన్ల వరుసలో అట్టడుగున, మూడో బేస్‌మెంట్‌కి, −3 అని ఉంది.

సమీకరణంలోనూ మైనస్ మూడే! చెవి చురుక్కుమంది. ఫోర్ ఏసీ మైనస్ పన్నెండు. నాలుగులోంచి దాన్ని తీసేస్తే పదహారు. పాజిటివ్! వర్గమూలం నాలుగు. మైనస్ రెండుకు నాలుగు కలిపి సగం చేస్తే ఒకటి. నాలుగు తీసేసి సగం చేస్తే మైనస్ మూడు.

ఒకటో అంతస్తులో అక్క ఉంది.

"ఈ తప్పు నువ్వు చేసేది కాదే," అన్నాడు డేగ.

ఆమె నవ్వుతూ లిప్‌స్టిక్ మూత తిప్పబోయింది. డేగ ఆ మణికట్టు ఒడిసిపట్టి, తన వాచీలోని జామర్ ఆన్ చేశాడు. లిప్‌స్టిక్ రిమోట్ మూగబోయింది.

"ఆలస్యమైంది డేగా. టైమర్లు నడుస్తున్నాయి."

ఆమెకు బేడీలేసి లిఫ్ట్ కడ్డీకి బిగించాడు. "చీఫ్, స్క్వాడ్‌ని మైనస్ మూడుకి పంపండి! ఒకటి నేను చూసుకుంటా!"

అక్క మంచం కింద టైమర్ మూడు చూపిస్తోంది. రెండు. డేగ డిటొనేటర్ పీకేశాడు. అంకె ఒకటి దగ్గర ఆగిపోయింది. కింద నుంచి స్క్వాడ్ కూడా ఓకే చెప్పింది. అక్క నిద్రలోనే ఉంది. డేగకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

సాయంత్రం చీఫ్ అడిగాడు. "ఆమెని ఎలా పసిగట్టావయ్యా?"

"గోల్డ్ మెడలిస్టులు ఆ తప్పు చెయ్యరు సార్. దాని మీద పేటెంట్ నాది. కావాలంటే మా అక్కనడగండి."