లస్మవ్వ పాలు

తెలంగాణ ఇస్తామని చెప్పి, పక్షం తిరిగేలోపే మాట మార్చిన డిసెంబరు అది. కోరుట్లలో ఆ రోజు కూడా బందే. బస్సుల్లేవు, బడుల్లేవు, దుకాణాలన్నీ మూత. ఆ గల్లీలో పని నడుస్తున్నది ఇబ్రహీం కుట్టు మిషన్ ఒక్కటే. ఉద్యమం వాళ్లకు గులాబీ కండువాలు కావాలి మరి. ఆయన వసారాలో కూర్చుని కుడుతుంటే, వంటింట్లో భార్య జమాలున్నీసా వేడి రొట్టెలు చేత్తో చిదిపి, బెల్లం, నెయ్యి, సోంపు కలిపి మలీద చేస్తోంది. మర్నాడు పీర్ల పండుగ.

"ఎవరికమ్మీ గిన్ని రొట్టెలు?" అన్నాడు కొడుకు ఆమిర్, వంటింటి గడపలో నిలబడి.

"పీర్లకు. సగం లస్మవ్వకు. ఏటా చేసేదే గదా."

"పీర్లకూ వద్దు, ఆ ఇంటికీ వద్దు. గివన్నీ మన దీన్‌ల లేవని, మన మతం ఒప్పదని ఎన్నిసార్లు చెప్పాలె?"

"మీ తాత ఎత్తిండు పీరీ. ఆయనకు దీన్ లేకుండెనా?"

"తెల్వక చేసిండు. తెలిసి నువ్వు చేస్తవా?"

వసారాలో మిషన్ ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. కొడుకుతో వాదించే ధైర్యం ఇబ్రహీంకు లేదు. మిషన్ చప్పుడు పెంచడమే ఆయన చేయగలిగిన ఎదురుమాట.

ఆమిర్ చెడ్డవాడు కాదు. రియాద్‌లో పనిచేస్తుండగా పక్క మంచం మీద పడుకునే స్నేహితుడు నిద్రలోనే చనిపోయాడు. ఆ దుఃఖంలో అతన్ని చేరదీసిన కొందరు మొదట ఓదార్చారు, తర్వాత పుస్తకాలిచ్చారు, ఆ తర్వాత లోకాన్ని రెండు ముక్కలు చేసి చూపించారు. మనవాళ్లు, మనవాళ్లు కానివాళ్లు. అంతే, మూడోది లేదు. ఇంటికి వచ్చి నెల తిరగకముందే టీవీ మూలకు పోయింది. చెల్లెలు అల్ఫియాను కాలేజీ మానమన్నాడు. మసీదులో పెద్దమౌల్వీ సాబ్ "బేటా, దీన్ గింత ఇరుకుగ ఉండదు" అని చెప్పి చూశాడు గానీ, ఆయన పాతకాలం మనిషని ఆమిర్ కొట్టిపారేశాడు.

ఎదురింట్లో లస్మవ్వ సంగతీ అలాగే ఉంది. భర్త మొగిలయ్య కల్లు గీయడానికి తాళ్లెక్కే మనిషి. బతికున్నన్నాళ్లూ పీర్ల పండుగకు పీరీ ఎత్తి అలాయి నిప్పుల గుండం చుట్టూ తిరిగింది ఆయనే. కొడుకు గణేశ్ సిరిసిల్లలో మగ్గాల మీద పనిచేసేవాడు. మగ్గాలు ఆగిపోయి తాగుడుకు దిగితే, ఎక్కడినుంచో వచ్చి ప్రార్థన కూటం పెట్టిన ఒక పాస్టరయ్య దగ్గర చేరి తాగుడు మానాడు. అంతవరకు భార్య వసంత ఆ దేవునికి దండం పెట్టుకుంది, మొగుడు మనిషయ్యాడని. తర్వాతే మొదలైంది. పీర్లు సైతానులట. ఇబ్రహీం ఇంట్లో ముద్ద ముడితే పాపమట. మందు మింగితే దేవుని మీద నమ్మకం లేనట్టట. ఊళ్లో పాత చర్చిలో ఎవరూ ఎన్నడూ అలా చెప్పలేదు, వాళ్ల పిల్లలకు జ్వరమొస్తే వాళ్లూ దవాఖానకే పరుగెత్తారు. కానీ గణేశ్ ఆ చర్చి వాళ్లది నిజమైన విశ్వాసమే కాదన్నాడు.

వింత ఏమిటంటే ఆమిర్, గణేశ్ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. కానీ తల్లులిద్దరూ కలవకూడదన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

ఆమిర్ అటు తిరగగానే జమాలున్నీసా టిఫిన్ డబ్బా నింపి, అల్ఫియాను పెరటి తలుపులోంచి పంపింది. లస్మవ్వ కనబడి వారమైంది. ఆమెకు మనసు మనసులో లేదు.

అల్ఫియా వెళ్లినంత వేగంగా తిరిగొచ్చింది. డబ్బా చేతిలోనే ఉంది.

"అమ్మీ, లస్మవ్వ లేస్తలేదు. పిలిస్తే పలుకుతలేదు. దసరా నుంచి షుగర్ గోలీలు బంద్ చేయించిండట గణేశన్న. వసంతక్క ఏడుస్తుంది. కూటం వాళ్లేమో దవాఖానకు వద్దని చుట్టు కూసోని ప్రార్థన చేస్తున్నరు."

జమాలున్నీసా చేతులు కూడా కడుక్కోకుండా లేచింది. ముందు గడపలో ఆమిర్ అడ్డం నిలబడ్డాడు.

"నువ్వు పోవద్దమ్మీ. వాళ్ల బాధ వాళ్లు పడతరు. మనకేం సంబంధం?"

మిషన్ ఆగింది. ఈసారి మళ్లీ మొదలుకాలేదు.

ఆ ఇంట్లో ఉర్దూ, తెలుగు కలగలిపి మాట్లాడతారు. కోపం వస్తే మాత్రం జమాలున్నీసాకు తెలుగే వస్తుంది.

"సంబంధమా? చెప్త విను. నువ్వు పుట్టినప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చింది. నోట్లె నీళ్లు దిగకపోయె, పాలు రాకపోయె. డబ్బ పాలు వడితె నువ్వు కక్కుతుంటివి. ఇగ వీడు దక్కడని మీ అబ్బ గోడకు తల వెట్టుకోని ఏడ్చిండు. అప్పుడు లస్మవ్వ పచ్చి బాలెంత. గణేశ్‌ను ఒక పక్క, నిన్ను ఒక పక్క వేసుకోని పాలిచ్చింది. ఒక దినం గాదు, చలికాలమంత. నేను నీకు ఒక్క గుక్క గూడ ఇయ్యలే ఆమిర్. నీ ఒంట్లె ఉన్నది ఆమె పాలు."

ఆమిర్‌కు ఇది కొత్త కథ కాదు. చిన్నప్పుడు గల్లీలో ఆడవాళ్లు నవ్వుతూ చెప్పుకోగా ఎన్నోసార్లు విన్నాడు. లస్మవ్వను అవ్వా అని పిలిచింది కూడా అందుకే. కానీ ఆ పుస్తకాలు చదివాక ఈ మాట వినడం ఇదే మొదటిసారి.

తాను నమ్మిన ధర్మంలోనే ఉంది అది. పాలిచ్చిన స్త్రీ తల్లి. ఆమె కన్న పిల్లలు తోబుట్టువులు. ఆ మాట తానే నలుగురికి వల్లించి చెప్పాడు. ఆమె ఏ దేవుణ్ణి మొక్కాలో అక్కడ లేదు. ఏదో ఒక మినహాయింపు ఉండాలని ఆత్రంగా వెతుక్కున్నాడు. దొరకలేదు. నమ్మకం ఉన్నవాడు కనుకే తప్పించుకోలేకపోయాడు. మనవాళ్లు కాదని తాను గీసిన గీతకు అవతల, సొంత తల్లి పడి ఉంది. దేవుడు అంత పెద్ద బంధాన్ని ఎదురింట్లో పెట్టి, ఇన్నాళ్లూ తాను చూస్తాడేమోనని ఊరుకున్నాడనిపించింది.

"అల్ఫియా, రాజనర్సన్న జీపు ఉన్నదేమో చూసి తీస్కరా," అన్నాడు.

లస్మవ్వ ఇంట్లో పదిమంది కళ్లు మూసుకుని కూర్చున్నారు. నడుమ చాప మీద లస్మవ్వ. పెదాలు ఎండి, ఊపిరి వేగంగా ఆడుతోంది. ఆమిర్‌ను చూసి గణేశ్ లేచాడు.

"ఎందుకచ్చినవ్? ఇది విశ్వాస పరీక్ష. గోలీ ఏస్తె ఓడిపోయినట్టు. నువ్వు మాతోని గల్సినోనివి గాదు, బయటికి పో."

ఆమిర్‌కు తన మాటలే ఇంకొకరి నోట విన్నట్టయింది. దేవుని పేరు ఒక్కటే వేరు. అతనికి కోపం రాలేదు, భయం వేసింది.

"గణేశ్, నువ్వు ప్రార్థన చెయ్. నేను గూడ చేస్త. కానీ ఆమెను తీస్కపోతున్న."

"నా అవ్వ. నా ఇష్టం."

"నాకూ అవ్వనే. నేను అంటున్నది గాదు, నా దీన్‌ల ఉన్నది. నీకెంత హక్కున్నదో నాకంతే ఉన్నది."

గణేశ్ అతని మొహంలోకి చూశాడు. ఎగతాళి చేస్తున్నాడేమోనని చూశాడు. లేదు. అంతవరకు మూలన ఏడుస్తున్న వసంత కొంగు నడుముకు చుట్టి వచ్చి అత్త కాళ్ల దగ్గర చాప పట్టుకుంది.

"అన్నా, నువ్వు తలకాడ వట్టు," అంది. మొగుడి వైపు చూడలేదు.

కూటంలోని ఒక ముసలామె బైబిల్ మూసి ఒళ్లో పెట్టుకుంది. "పోనియ్యి గణేశ్. దేవుడు దవాఖానల ఉండడా," అంది. చాప గడప దాటుతుంటే, గణేశ్ చేయి తనంతట తానే వెళ్లి ఒక అంచు పట్టుకుంది.

జగిత్యాల పెద్ద దవాఖాన దారి పట్టారు. మేడిపల్లి దగ్గరికి వచ్చేసరికి రోడ్డు లేదు. రోడ్డంతా మనుషులు. వంటావార్పు నడుస్తోంది. తారు మీద రాళ్లు పెట్టి, కట్టెలు రాజేసి, పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. డప్పులు, పాటలు, జెండాలు, కంటికి ఆనినంత దూరం జనం. జీపు ఆగింది. లస్మవ్వ తల జమాలున్నీసా ఒళ్లో ఉంది. ఆమె ఆ పొయ్యిల వరస చూసి ఆశ వదులుకుంది.

ఆమిర్ దిగి పరుగెత్తాడు. "మా అవ్వకు బాగలేదు, జర తొవ్వ ఇయ్యండి," అని చేతులు జోడించాడు. అతని గడ్డాన్ని, టోపీని ఎవరూ పట్టించుకోలేదు. గరిటె పట్టుకున్న ఒక ఆడమనిషి జీపులోకి తొంగి చూసి చెయ్యి పైకెత్తింది. దగ్గరి డప్పు ఆగింది. దాని వెనక డప్పు ఆగింది. ఆ మౌనం రోడ్డు పొడుగునా నడుచుకుంటూ పోయింది.

తర్వాత జరిగింది జమాలున్నీసా చచ్చేదాకా మరిచిపోలేదు. మెడలో కండువాలు తీసి చేతులకు చుట్టుకుని, ఉడుకుతున్న గుండిగలను నలుగురేసి పట్టి ఎత్తారు. గంజి ఒలికి చేతులు కాలినా కింద పెట్టలేదు. ఆడవాళ్లు కట్టెలతో నిప్పులు పక్కకు నూకారు. కాళ్లకు చెప్పుల్లేనివాళ్లు కూడా రాళ్లు దొర్లించారు. వేల మంది రెండు పక్కలకు ఒదిగి నిలబడితే నడుమ నల్లటి రోడ్డు బయటపడింది. ఆ తల్లి ఎవరని, ఏ కులమని, ఏ దేవుడని ఒక్కరూ అడగలేదు. జీపు కదులుతుంటే కొందరు లోపలున్న ముసలామెకు దండం పెట్టారు.

ఆమిర్, గణేశ్ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. లోకాన్ని రెండే ముక్కలుగా చూసిన కళ్లకు అంత జనాన్ని ఒక్కటిగా చూడటం భరించలేనంత గొప్పగా ఉంది. గణేశ్ మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆమిర్ చెయ్యి చాపి అతని భుజం మీద వేశాడు.

దవాఖానలో డాక్టరు సెలైన్ పెట్టి, ఇన్సులిన్ ఇచ్చి, ఇద్దర్నీ చెడామడా తిట్టాడు. "ఎవరు చెప్పిండ్రయ్యా గోలీలు మానుమని? ఇంకింత లేటైతే మనిషి దక్కకపోవు." గణేశ్ తల వంచుకుని అన్నీ పడ్డాడు. ఆ తప్పులో ఆమిర్‌కు వాటా లేదు. అయినా పక్కన నిలబడి అతనూ పడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం లస్మవ్వ కళ్లు తెరిచింది. మంచం పక్కనున్న మనిషిని కాసేపు తేరిపార చూసింది.

"ఆమిరా? గడ్డం వెంచినవ్, గుర్తువట్టలే."

"నేనే అవ్వా."

"నెల దినాలాయె నువ్వచ్చి. మా ఇంటికి రాకపోతివి."

ఆమిర్ కిందికి వంగాడు. ముస్లిం ఇళ్లలో ఒక ఆచారం ఉంది. దూరదేశం పోయే కొడుకు, పెళ్లికి బయల్దేరే కొడుకు, తాగిన పాలకు తల్లి దగ్గర మాఫీ అడుగుతాడు. ఆమె మాఫ్ చేశానంటేనే మనసు తేలికై గడప దాటుతాడు. రియాద్ పోయే రోజు ఆమిర్ జమాలున్నీసాను అడిగాడు. అడగాల్సిన తల్లి ఎదురింట్లో ఉందని ఆనాడు ఎవరికీ తట్టలేదు.

"అవ్వా, నీ పాలు తాగి బతికిన. నీ మొఖం గూడ చూడకపోతి. నీ పాలు నాకు మాఫ్ చెయ్."

ఆ ఆచారం లస్మవ్వకూ తెలుసు. అన్నేళ్లు ఆ ఇంట్లో ఒక మనిషిలా తిరిగింది. కొడుకు మొహం చూస్తూ కొంచెం ఆలోచించింది.

"చెయ్య," అంది.

జమాలున్నీసా ఉలిక్కిపడింది. ఆమిర్ మొహం పాలిపోయింది.

"మాఫ్ చేస్తె ఇగ తెగిపాయె. నీకు నాకు ఏం లేనట్టే గదా. నేను చెయ్య కొడుకా. నువ్వు బాకీనే ఉండు. గప్పుడే నా ఇంటికి వస్తుంటవ్." కాళ్ల దగ్గర నిలబడ్డ గణేశ్ వైపు చూసింది. "వానికి గూడ చెయ్య. ఇద్దరు బాకీనే ఉండండి."

ఆమిర్ ఆమె చెయ్యి కళ్లకు అద్దుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నర్సు ఇచ్చిన గోలీ, నీళ్ల గ్లాసు పట్టుకుని వసంత దగ్గరికొచ్చింది. గణేశ్ ఆమె చేతిలోంచి వాటిని అందుకుని, తల్లి తల కింద చెయ్యి పెట్టి, గోలీ తనే నోట్లో వేశాడు.