సంబంధం ఎంచుకోండి

"నాకు పెళ్లెప్పుడైంది?"

అడిగింది టైలరమ్మాయి. ఆన్‌లైన్ సేవా కేంద్రంలో కౌంటర్ వెనక కూర్చున్న ఆపరేటర్ గబుక్కున లేచి నిలబడ్డాడు. ఆమె తెచ్చిన కాగితంలో, భర్త అన్నచోట అతని పేరే శుభ్రంగా అచ్చయి ఉంది మరి.

తప్పంతా పోర్టల్‌దేనని అతని వాదన. కిందటి వారం కొత్త మార్కెట్‌లో కొట్టు కోసం దరఖాస్తు పెట్టడానికి వచ్చిందామె. ఏళ్ల తరబడి సూదిపోట్లు తిన్న వేలు కదా, పదిసార్లు నొక్కినా మెషీన్ గుర్తుపట్టలేదు. పోనీ ఓటీపీ అంటే, ఆ నంబరున్న ఫోను వాళ్ల నాన్న జేబులో ఊరంతా తిరుగుతోంది. ఆయన కళ్లద్దాలు వెతుక్కుని అంకెలు చదివేసరికి గడువు అయిపోయేది. విసుగెత్తి ఆపరేటర్ తన నంబరే కొట్టాడు. పోర్టల్ ఊరుకుంటుందా? ఈ నంబరు వేరొకరిది, సంబంధం ఎంచుకోండి అంది. ఎంచుకున్నాడు.

ఇప్పుడు మార్కెట్ ఆఫీసువాళ్లు భర్త వచ్చి సంతకం పెడితేగానీ కొట్టు ఇవ్వమంటున్నారు. సోమవారం దాటితే అది వేరేవాళ్లకి పోతుంది. మూడేళ్లుగా ఈ కేంద్రం మెట్ల కిందే మిషను పెట్టుకుని, జల్లు కొట్టినప్పుడల్లా బట్టలెత్తుకుని పరిగెత్తే మనిషికి ఆ కొట్టు ఎంత అవసరమో అతనికి బాగా తెలుసు.

గబగబా తప్పులు దిద్దే పేజీ తెరిచాడు. విడాకుల పత్రమో, భర్త మరణ ధ్రువీకరణ పత్రమో జతచేయమంది.

"మీకేది వీలు?" అందామె, ఎంతో మర్యాదగా.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపించి, చివరికి ఒక దారి చెప్పారు. తప్పు తనదేనని ఆపరేటర్ రాసిస్తే చాలు, కానీ అందుకు శిక్షగా అతని లాగిన్ నెల రోజులు ఆపేస్తారు. అతను ఇంకేమీ ఆలోచించకుండా తెల్లకాగితం తీశాడు. అది చూసి ఆమె కోపం సగం దిగింది. మిగతా సగంతో స్క్రీన్ తనవైపు తిప్పుకుని, ఆ సంబంధాల లిస్టు పైనుంచి కిందదాకా చూసింది.

"ఇందులో సోదరుడు అని కూడా ఉందే."

"ఉంది."

"కనపడలేదా?"

"కనపడింది." అతను తలెత్తలేదు. "రెండుసార్లు అక్కడిదాకా వెళ్లాను. మనసొప్పలేదండీ. మీరంటే నాకిష్టం."

క్యూలో పెన్షన్ కోసం నిలబడ్డ పెద్దాయన, ఇదేదో వినితీరాలని, వస్తున్న దగ్గుని ఆపుకున్నాడు.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ దగ్గరికి లాక్కుని, అతను రాస్తున్నది ఒక్కో అక్షరం చదవసాగింది. ఈ నమోదు నా పొరపాటు, నేను ఈమె భర్తను కాను, అని రాసి అతను సంతకం పెట్టబోయాడు.

"ఆగండి," అందామె, ఆ వాక్యం మీద వేలు పెట్టి. "భర్తను కాను అనే ముందు, 'ప్రస్తుతానికి' అని చేర్చండి."