ఇరవయ్యో గీత

తిరుత్తణి దగ్గర కనకమ్మ సత్రం అనే ఊరి కూడలిలో ద్వారకనాథ్ పురుగుమందుల అంగడి ఉదయం ఏడింటికి తెరుచుకుంటుంది. అంగడి వెనకే ఇల్లు. షట్టరు ఎత్తే ముందు ఆయన తప్పనిసరిగా చేసే పని ఒకటుంది. భార్య కమలమ్మకు ఇన్సులిన్ సూది వేయడం. తొమ్మిదేళ్లుగా ఒక్కరోజు కూడా తప్పలేదు. పెళ్లిళ్లకు వెళ్లినా ఐస్ డబ్బాలో మందు బుడ్డి వెంట ఉండాల్సిందే.

కోడలు జ్యోతిక తిరువళ్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సు. ఆ నెల ఆమెకు రాత్రి డ్యూటీ. బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. కొడుకు మహేంద్ర కవరైపేట్టై దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తూ అక్కడే గది తీసుకున్నాడు, ఆదివారాలు వస్తాడు. పెళ్లయిన కొత్తలో జ్యోతిక, "అత్తకు సూది నేను వేస్తాను మామా" అని అడిగింది. "నీ చెయ్యి ఆసుపత్రికి. ఈ ఇంటికి నా చెయ్యి చాలు" అన్నాడాయన. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజు కృత్తిక, మురుగనికి ఉపవాసం ఉండే రోజు. కమలమ్మ తలకు పోసుకుని, తిరుత్తణి మురుగన్ పటం ముందు దీపం పెట్టి వచ్చి చెయ్యి చాపింది.

"రెండు దినాలుగా గుండె దడగా ఉండాదయ్యా. ఒళ్లంతా చెమట. నిన్న బెల్లంముక్క నోట్లో వేసుకుంటేగాని నిలబడలేకపోయినా."

"ఎండలు అట్లుండాయి. నాకూ చెమటే."

"నీది మూటలు మోసే చెమట. నాది ఊరికే కూర్చున్న చెమట. రెండూ ఒకటేనా?"

"ఈ పొద్దు ఉపవాసం మానుకో."

"మురుగనితో బేరాలు పెట్టొద్దు. రాత్రి అన్నమే కద మానేది? ఇప్పుడు రెండు ఇడ్లీ తింటాలే, పో."

ద్వారకనాథ్ నవ్వుతూ సిరంజిని కిటికీ వెలుగుకు పట్టుకుని ఇరవయ్యో గీత దాకా మందు లాగాడు. గాలిబుడగను వేలితో తట్టి తీసేశాడు. బుడ్డి కొత్తది. మూడు రోజుల క్రితం డాక్టరు మందు మార్చి, "మోతాదు పాతదే, ఇరవై యూనిట్లు" అన్నాడు. మెడికల్ షాపువాడు దానితోపాటు నారింజ మూతల సిరంజిలు ఇచ్చాడు. ఇంట్లో ఎర్ర మూతలవి ఇంకా అరడబ్బా ఉన్నాయి. అవి అయ్యాక కొత్తవి విప్పుదామని ఆయన బీరువా మీద పెట్టాడు. అంగట్లోనూ అదే పద్ధతి. పాత సరుకు కదలనిదే కొత్త పెట్టె తెరవడు.

షట్టరు ఎత్తిన కాసేపటికి మునియప్ప అనే రైతు మాడిన వంగ కొమ్మ ఒకటి పట్టుకుని వచ్చాడు.

"ఏందప్పా, తోటకు నిప్పు పెట్టినావా?"

"నువ్విచ్చిన మందే కదన్నా. ట్యాంకుకు ఒక మూత. ఎప్పుడూ పోసేదే పోసినా. అరెకరా ఇట్లే అయిపోయింది."

"ఏ మూతతో పోసినావు?"

మునియప్ప జేబులోంచి పెద్ద నల్లమూత ఒకటి తీశాడు. అది పాత మందు బుడ్డిది.

"సరిపోయింది! కొత్త మందును పాత మూతతో కొలిచినావా? ఇది చిక్కని మందు. అందుకే దీనికి చిన్న మూత ఇచ్చినారు. బుడ్డి మారితే మూత మారల్ల. ఇంత కూడా తెలీకుండా సేద్యం ఎట్ల చేస్తావప్పా?"

అంగట్లో ఉన్న ఇద్దరు పకపకా నవ్వారు. మునియప్ప కొమ్మ తీసుకుని వెళ్లిపోయాడు.

ఎనిమిదిన్నరకు జ్యోతిక వచ్చింది. లోపలికి వెళ్లిన నిమిషానికే కేక వినపడింది.

"మామా! సీక్రం రండి!"

కమలమ్మ వంటింటి గోడకు ఒరిగి ఉంది. చీర చెమటతో తడిసిపోయింది. "బస్సు వచ్చిందా? బస్సు వచ్చిందా?" అని ఊరికే అడుగుతోంది. జ్యోతిక వేలు గుచ్చి చక్కెర చూసింది. ముప్పై ఎనిమిది. డెబ్బైకి తగ్గితేనే ప్రమాదం. గబగబా నీళ్లలో చక్కెర కలిపి, అత్త మింగగలదని చూసుకుని, "మెల్లగా మింగత్తా" అంటూ కొంచెం కొంచెంగా తాగించింది. ఫోనులో ఆటోను పిలిచింది. పావుగంటకు కమలమ్మ కళ్లలోకి చూపు తిరిగి వచ్చింది.

"కృత్తిక అని ఏమీ తినకుండా ఉండింటుంది. మొండిది" అన్నాడు ద్వారకనాథ్.

"రెండు ఇడ్లీ తిన్నానయ్యా" అంది కమలమ్మ, తడబడే గొంతుతో.

జ్యోతిక లేచి నిలబడింది. "ఎంత వేసినారు మామా?"

"ఎప్పుడూ వేసేదే. ఇరవై."

"బుడ్డి, సిరంజి చూపించండి."

"ఏం, తనిఖీనా? నేను మొదట సూది పట్టినప్పుడు నువ్వు ఇస్కూలుకు పోతాండినావు. ఊరందరికీ మందు కొలతలు చెప్పేవాణ్ణి, నాకు ఇరవై గీత తెలీదా?"

"తెలుసు మామా. అయినా చూపించండి." ఆమె వెనక్కి తగ్గలేదు. "ఆ మందు ఇంకా ఒంట్లోనే ఉండాది. ఆసుపత్రిలో ఎంత పోయిందో చెప్పకుంటే అత్త మళ్లీ పడిపోతుంది. ఈసారి నా చేతికి అందదు."

ఆయన కదల్లేదు. జ్యోతికే ఫ్రిజ్ తెరిచి కొత్త బుడ్డి తీసింది. తలుపు అరలో పాత బుడ్డి అడుగున కాస్త మందుతో ఇంకా ఉంది. దాన్నీ తీసింది. పొద్దున వాడిన సిరంజి డబ్బాలో ఉంది. మూడింటినీ కిటికీ గట్టు మీద వరసగా పెట్టింది.

"అద్దాలు పెట్టుకుని చదవండి."

పాత బుడ్డి మీద, మిల్లీలీటరుకు నలభై యూనిట్లు. ఎర్ర మూత సిరంజి మీద నలభై. కొత్త బుడ్డి మీద నూరు.

జ్యోతిక నోరు తెరిచింది. "ఈ సిరంజి గీతలు నలభై బుడ్డికి కొట్టినవి మామా. ఇరవై గీత అంటే అర మిల్లీలీటరు..."

ఆమె పూర్తిచేసేలోపే ఆయన బుర్రలో లెక్క తేలిపోయింది. నూరు బుడ్డిలో అర మిల్లీలీటరు అంటే యాభై.

"రెండున్నర రెట్లు" అన్నాడు ఆయనే. "మూడు పొద్దులు వేసినా."

బుడ్డి మారితే మూత మారల్ల. గంట క్రితం నలుగురిలో తను అరిచిన మాట. మునియప్పకు పోయింది అరెకరా వంగ. ద్వారకనాథ్ భార్య పాదాల దగ్గర కూలబడిపోయాడు. ఆమే ఆయన భుజం తట్టింది. బయట ఆటో హారన్ మోగింది.

తిరుత్తణి ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఏం జరిగిందని అడిగితే జ్యోతిక, "కొత్త బుడ్డికి పాత సిరంజి వాడినాము సార్" అంది. ఎన్ని యూనిట్లు పోయాయో, ఎన్ని రోజులు పోయాయో సరిగ్గా చెప్పింది. కమలమ్మకు గ్లూకోజు ఎక్కించి, గంటగంటకూ పరీక్ష చేశారు. సాయంత్రానికి ప్రమాదం తప్పిందన్నారు.

వరండాలో ద్వారకనాథ్ కోడలి పక్కన కూర్చున్నాడు.

"వేసింది నేను. వాడినాము అన్నావేందమ్మా?"

"బుడ్డి మార్చినారని నాకు తెలుసు మామా. సిరంజి చూద్దామని అనుకున్నా. వద్దన్న పనిలో మళ్లీ వేలు పెట్టేదెందుకని రోషంతో ఊరికే ఉండినా. ఈ తప్పులో నా పాలూ ఉండాది."

ఆయన తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. "నిన్ను రోషం తెచ్చుకునేట్టు చేసింది ఎవరు? ఆ పాలు కూడా నాదే. ఇంక నువ్వే వెయ్యి తల్లీ."

తలుపు తెరిచి ఉన్న గదిలోంచి కమలమ్మ గొంతు వచ్చింది. "మీరిద్దరూ పాలు పంచుకున్నాక నాకింత అన్నం పెట్టిస్తారా? ఇంకోమాట. సూది ఆయనే వెయ్యల్ల. నొప్పి తెలీకుండా వేసే చెయ్యి అది. కాకపోతే పక్కన నువ్వుండు."

జ్యోతిక నవ్వింది. "ఆసుపత్రిలో కూడా అంతే అత్తా. ఒకరు లాగితే ఒకరు చూస్తారు. ఎంత పెద్ద నర్సయినా సరే."

రెండు రోజుల తర్వాత, ఎనిమిదిన్నర దాటినా షట్టరు ఇంకా మూసే ఉంది. డాక్టరును అడిగి, సూది, టిఫిను రెండూ జ్యోతిక వచ్చే వేళకు మార్చుకున్నారు. ద్వారకనాథ్ నారింజ మూత తీసి, మందు లాగి, సిరంజిని కోడలి వైపు పట్టాడు.

"ఎంతుందో నువ్వు చెప్పు."

"బుడ్డి నూరు. సిరంజి నూరు. ఇరవై. సరిగ్గా ఉండాది మామా."

తర్వాత ఆయన ఎర్ర మూతల అరడబ్బా ఆమె చేతికిచ్చాడు. "నలభై బుడ్డి వాడేవాళ్లకు ఇయ్యి. ఊరికే ఇయ్యొద్దు, చెప్పి ఇయ్యి."

అంగడి తెరవకుండానే బండి మీద మునియప్ప తోటకు వెళ్లాడు. మునియప్ప మాడిన మొక్కలు పీకుతున్నాడు.

"అక్కకు బాగలేదంట కదన్నా. ఎట్లుండాది?"

"బతికింది." ద్వారకనాథ్ చెప్పులు విడిచి చాల్లోకి దిగాడు. "ఆ పొద్దు నలుగురి ముందర నిన్ను నవ్వులపాలు చేసినా మునియప్పా. అదే పొద్దున ఇంట్లో నేనూ కొత్త మందును పాత కొలతతోనే కొలిచినా. నీకు బుడ్డి ఇచ్చినప్పుడు మూత చూపించి ఉండల్ల. చూపించలేదు."

మునియప్ప పీకిన మొక్కను గట్టు మీద పడేశాడు. "పోనీలే అన్నా, మళ్లీ నాటుకుంటా" అన్నాడు.

"నారు నేను తెస్తా. మందు కొట్టే రోజు నన్ను పిలువు."

"నువ్వొచ్చి కొలుస్తావా?"

"కాదప్పా. నువ్వే కొలువు" అన్నాడు ద్వారకనాథ్, వంగి ఒక మాడిన మొక్కను పెకలిస్తూ. "నేను పక్కన నిలబడి చూస్తా."