మోకాలి ఎత్తులో కొవ్వొత్తి

ప్రతి అక్టోబరులో మార్లిస్, ఆమె భర్త క్లైడ్ ఇద్దరూ సెనెకా సరస్సు చుట్టూ ఉన్న వైన్ చేసే ద్రాక్షతోటలన్నీ తిరిగేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా అదే వాళ్ల పండగ అనుకోండి. ఒక నోటుపుస్తకం ఉండేది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోవడం, ఏం వాసన తగిలిందో ఒకరికొకరు చూపించకుండా రాసుకోవడం, తర్వాత చూసుకుని కొట్లాడుకోవడం.

"ఇందులో బేరిపండు ఎక్కడుంది తల్లీ? నీ ముక్కు రిపేరుకి ఇచ్చెయ్!" అని క్లైడ్ వెక్కిరించేవాడు.

"నీకేమో అన్నిట్లో మీ నాన్న గ్యారేజీయే తగుల్తుంది మరి!" అని మార్లిస్ అనేది.

ఈ ఏడు ఆ కొట్లాట లేదు. మార్చిలో జ్వరమొచ్చి క్లైడ్ ముక్కు పనిచెయ్యడం మానేసింది. కాఫీ వాసన లేదు, పొయ్యి మీద ఏం మాడినా తెలీదు. మనిషి సగమైపోయాడు. రానంటే రానన్నాడు. మార్లిసే లాక్కొచ్చింది. ఎక్కడో ఒకచోట, ఏదో ఒక గ్లాసులో, ఆ వాసన తిరిగొస్తుందని ఆమె ఆశ. పొద్దున్నుంచి నాలుగు చోట్ల రుచి చూశారు. నాలుగు చోట్లా క్లైడ్ పేజీ ఖాళీ.

ఐదోది కొండవారన రాళ్లతో కట్టిన పాత కట్టడం. మధ్యాహ్నం మూడింటికే లోపల మసక చీకటి. తడిసిన చెక్క, చితికిన ద్రాక్ష వాసన. కింద ఎక్కడో రసం పులుస్తున్న చప్పుడు... బుడ... బుడ... బుడ...

బల్ల వెనక హెడ్విగ్ అనే పెద్దావిడ. ఆవిడ పక్కన కొవ్వొత్తి వెలుగుతోంది.

"కరెంటు పోయిందా అమ్మా?" అన్నాడు క్లైడ్.

"లేదు నాయనా, ఇది నేలమాళిగకి. రసం పులిసేటప్పుడు వచ్చే గాలి నీళ్లలా అడుగునే నిలబడిపోతుంది. ముక్కుకి తెలీదు. అందుకే పంట రోజుల్లో దీన్ని మోకాలి ఎత్తులో పట్టుకుని దిగుతాం. ఆరిపోయిందా, పరుగున పైకొచ్చెయ్యాలి. మా ఆయన ఒక్కరోజు మర్చిపోయాడు."

ఆవిడ వైన్ పోసింది. క్లైడ్ అలవాటుగా గ్లాసు ఎత్తాడు. ఆగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మార్లీ... పైపు పొగ. తడిసిన ఉన్ని కోటు. నాకు వాసనొస్తోంది మార్లీ!"

ఆమె ఆ గ్లాసు లాక్కుని పీల్చింది. ఉత్త ద్రాక్ష వాసన.

"గ్లాసులోంచి కాదే. అక్కణ్ణించి." మాళిగ తలుపు వైపు చూపించాడు.

హెడ్విగ్ సీసా బల్ల మీద పెట్టేసింది. "పైపు... మా ఆయన తాగేవాడు."

క్లైడ్ అప్పటికే తలుపు తీశాడు.

"నాయనా, కొవ్వొత్తి!"

"నా ముక్కు నాకొచ్చేసిందిగా అమ్మా!" అని నవ్వుతూ దిగిపోయాడు. ఆవిడ వెంట వెళ్లబోతే మార్లిసే చెయ్యి పట్టుకుంది. "ఒక్క నిమిషం పోనివ్వండి. ఏడు నెలల తర్వాత నవ్వాడు."

ఒక నిమిషం ఐదు నిమిషాలైంది.

కింద బుడబుడలు ఆగిపోయాయి.

మార్లిస్ కొవ్వొత్తి లాక్కుని మెట్లు దిగింది. ఒకటి... రెండు... మూడు... ఏడో మెట్టు మీద మంట నీలంగా ముడుచుకుంది. ఆరిపోయింది.

"క్లైడ్..."

"ఉష్... పోస్తున్నాడు."

"ఎవరు?"

చీకట్లో, ఖాళీ గ్లాసులో సన్నగా ధార పడుతున్న చప్పుడు. మార్లిస్ ఊపిరి బిగబట్టింది. తడుముకుంటూ వెళ్లి అతని కాలరు దొరకబుచ్చుకుంది. పైదాకా ఈడ్చుకొచ్చింది. క్లైడ్ వేసుకున్నది నైలాను జాకెట్టు. ఆమె వేళ్లకి తగిలింది మాత్రం తడిసిన ఉన్ని.

హెడ్విగ్ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. మార్లిస్ చెవిలో అంది: "అంతసేపు ఉన్నవాళ్లెవరూ ప్రాణాలతో పైకి రారమ్మాయ్."

కార్లో దారంతా క్లైడ్ ఒకటే కబుర్లు. రాలిన యాపిల్ పళ్లు, పశువుల కొట్టం, ఆమె తలకి రాసుకున్న షాంపూ... అన్నీ తెలుస్తున్నాయట! మార్లిస్ ఏడ్చేసింది, సంతోషంతోనే.

సాయంత్రం ఇంట్లో అతనే ఉల్లిపాయలు వేయించాడు. ఆమె బల్ల మీద కొవ్వొత్తి వెలిగించింది. క్లైడ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

ఆరిపోయింది.

కిటికీలన్నీ మూసే ఉన్నాయి. మళ్లీ వెలిగించింది. మళ్లీ ఆరిపోయింది.

చెంచా కింద పడినట్టు నటిస్తూ వంగి, బల్ల కింద, మోకాలి దగ్గర అగ్గిపుల్ల గీసింది. అంటుకోనే లేదు. లేచి నిలబడి నడుము దగ్గర గీసింది. లేదు. గుండెల దగ్గర గీసింది. వెలిగింది... నీలంగా ముడుచుకుంది...

"ఎందుకు నిలబడ్డావు మార్లీ?" క్లైడ్ గొంతు ఎంత మెత్తగా ఉందో. "కూర్చో. గట్టిగా ఊపిరి పీల్చు. ఎంత బావుందో చూడు."

మాటకీ మాటకీ మధ్య, అతని ఛాతీలోంచి వినిపిస్తోంది.

బుడ... బుడ... బుడ...