బండి విప్పిన రోజు

మృగశిర కార్తె వచ్చినా రెంటచింతలలో ఎండ తగ్గలేదు. పొద్దు పొడుస్తుండగానే జీవరత్నం గిన్నెలు కడిగిన నీళ్లను పాత కిరసనాయిలు డబ్బాలో పోసుకుని పెరట్లోకి వచ్చింది. పాదుల మొదట్లో మెడదాకా పాతిపెట్టిన ఓటికుండల్ని ఒక్కొక్కటే నింపుతూ నడిచింది. వాటిలో పోసిన నీళ్లు రోజంతా కొద్దికొద్దిగా వేళ్లకు ఊరతాయి.

యుద్ధం మూలాన అంగట్లో ఇనుప మేకు కూడా కరువైన రోజులవి. ఆ ఇంట్లో జీవరత్నం ఏదీ పారేయనిచ్చేది కాదు. చిరిగిన గోతాన్ని కోళ్లగూటికి తెరగా కట్టింది. పగిలిన తిరగలి రాయిని గడప ముందు మెట్టుగా వేసింది. "నా కోడలి చేతిలో పడితే పెంకు ముక్కకైనా ఏదో ఒక పని దొరుకుద్ది" అని మార్తమ్మ ఇరుగుపొరుగుతో నవ్వుతూ చెప్పుకునేది.

ఒక్కదాన్ని మాత్రం జీవరత్నం ముట్టుకోలేదు. ఆమె గదికి ఎదురుగా, వాకిట్లో రెండేళ్లుగా కదలకుండా ఉన్న ఎడ్లబండి అది. వానకు నాని, ఎండకు పగిలి, అడుగున చెదలు పట్టి ఉంది.

"మామయ్యా!" వాకిట్లో తలపాగా చుట్టుకుంటున్న ఆరోగ్యస్వామిని పిలిచింది. "తీగెలన్నీ నేల మీదే పాకుతున్నయ్. పందిరికి గుంజలు లేవు. ఆ బండి..."

ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఆ బండి ఊసు ఎత్తొద్దని చెప్పానా లేదా?"

"చెదలు తినేస్తున్నయ్ గదా అని..."

"తిననియ్. నువ్వు మాత్రం చెయ్యి పెట్టబాక."

కర్ర తీసుకుని దాచేపల్లికి బయలుదేరాడాయన. చెల్లెలు గ్రేసమ్మ మనవడికి ఆ మర్నాడు జ్ఞానస్నానం. దారి పొడుగునా ఆయన మనసు బండి చుట్టూనే తిరిగింది.

రెండేళ్ల కిందట ఊళ్లో కలరా తగిలినప్పుడు, ఆయన ఒక్కగానొక్క కొడుకు బాలశౌరిని ఆ బండిలోనే గురజాల ఆసుపత్రికి తీసుకుపోయాడు. మిట్టమధ్యాహ్నం వేళ ముందు కూర్చుని ఎడ్లను పరుగెత్తించాడు. వెనక గడ్డి మీద కొడుకు, వాడి తల ఒళ్లో పెట్టుకుని కోడలు. ఆసుపత్రి ముందు దించేసరికే ప్రాణం పోయిందన్నారు. "గుమ్మం దాకా ప్రాణంతోనే తీసుకెళ్లా. మాట్టాడిస్తుంటే ఊ కొడతానే ఉన్నాడు నా బిడ్డ" అని ఆయన ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్కలేదు. మళ్లీ ఆ బండి కట్టలేదు. పొలం పనులకు పక్కింటి వెంకట్రామయ్య బండి అడిగి తెచ్చుకునేవాడు. పొద్దున్నే ఆ కాడి మీద కాసేపు చెయ్యి వేస్తేగాని ఆయనకు రోజు మొదలయ్యేది కాదు. కొడుకు ప్రాణంతో చివరిసారి ఉన్న చోటు అదే మరి.

మర్నాడు సాయంత్రం తిరిగొచ్చిన ఆరోగ్యస్వామి వాకిట్లో అడుగుపెట్టి నిలబడిపోయాడు. బండి లేదు. అది నిలిచిన చోట మట్టి నల్లగా, తడిగా ఉంది. పెరట్లో కొత్తగా పందిరి లేచింది. బండి ముందరి పొడుగు నొగల్ని కోసి పాతినవే గుంజలు. పైన అడ్డంగా వెదుళ్లు. పక్కన పొట్టి గుంజల మీద ఒక చక్రం వెల్లకిలా పడుకుని ఉంది. దాని కర్ర ఆకుల సందుల్లోకి సొరతీగె కొసలు అప్పుడే ఎక్కించారు. చెదలు తినని పలకలతో ఒక బల్ల తయారైంది. చక్రాల ఇనుప పట్టాల్ని కమ్మరి మౌలాలీ పారలు సాగగొట్టడానికి పట్టుకుపోయాడు.

"ఎవరు విప్పారు?"

జీవరత్నం చేతిలోని చీపురు కింద పెట్టింది. "నేనే, మామయ్యా."

"నేను చెయ్యమన్నా" అంది మార్తమ్మ గబగబా బయటికొచ్చి.

ఆయన భార్య వైపు చూడనైనా లేదు. "నేను ఊళ్లో లేని సమయం చూసి నా బిడ్డ గుర్తుని ముక్కలు చేశావా? నీకేం పోయింది? కడుపుకోత మాది. రేపే మీ అన్నకి కబురంపుతా. మీ పుట్టింటికి పో!"

"ఏమయ్యా! నోరు జారబాక!" మార్తమ్మ అడ్డం వచ్చింది. "వాళ్లన్న వచ్చి రమ్మన్నప్పుడు 'మిమ్మల్ని వదిలి పోను' అన్న పిల్లని అంత మాటంటావా?"

జీవరత్నం ముఖం పాలిపోయింది. అయినా గొంతు పెంచలేదు.

"పొమ్మంటే పోతా, మామయ్యా. తెల్లారి తలుపు తీస్తే నాకు ముందు కనపడేది ఆ బండే. రెండేళ్ల నుంచి రోజూ తలుపు తీసేముందు దణ్ణం పెట్టుకుని తీస్తున్నా. మీరు ముందు కూర్చుని తోలారు. నేను ఎనకాల కూర్చున్నా."

"ఎనకాల కూర్చుంటే ఏంది?"

మార్తమ్మ కోడలి వీపు మీద చెయ్యి వేసింది. "చెప్పు తల్లీ. నిన్న నాకు చెప్పింది ఆయనకీ చెప్పు. ఎన్నాళ్లు ఒక్కదానివే మోస్తావు?"

"ఆయన... తోవలో వాగు దాటకముందే పోయారు, మామయ్యా."

"అబద్ధం! వాగు దాటినాక కూడా ఊ కొట్టాడు. వచ్చే ఏడు బావి తవ్విద్దాంరా అంటే ఊ అన్నాడు. నా చెవులారా విన్నా."

"అది నేను."

జీవరత్నం తల వంచుకునే చెప్పుకుపోయింది.

"మీరు ఎడ్లను అదిలిస్తా, 'అదిగోరా శౌరీ, వచ్చేశాం' అంటున్నారు. బదులు రాకపోతే ఎనక్కి తిరిగి చూస్తారు. ఆ ఎండలో, ఆ తోవలో మనిషనేవాడు లేడు. మీకేమన్నా అయితే నేనొక్కదాన్ని ఏం చెయ్యగలను? గురజాల చేరితే మనుషులుంటారు, పట్టుకుంటారు అనుకున్నా. అందుకని గొంతు మార్చి ఊ అన్నా." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తోవంతా ఆరోగ్యస్వామి కళ్లముందు కదిలింది. తను ఆశతో దుమ్ము రేపుకుంటూ పోయాడు. వెనక ఈ పిల్ల చల్లబడిన భర్త తలను ఒళ్లో పెట్టుకుని, ఏడుపు మింగుకుంటూ, పిచ్చి ముసలాడి ప్రతి మాటకూ ఊ కొట్టింది. తరవాత ఆయన ఆ ఊ గురించి ఊరందరికీ చెప్పుకుంటుంటే తల వంచుకుని విన్నది. ఒక్కరోజు కూడా నోరు విప్పలేదు. బండిని చూసి తన దుఃఖం తను తీర్చుకున్నాడే కానీ, ఆ బండికి ఎదురుగా ఉన్న తలుపు ఎవరిదో ఆయనకు తోచనే లేదు.

కొత్త బల్ల మీద కూలబడ్డాడు. తలపాగా విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలిపోతుంటే మార్తమ్మ దగ్గరికి రాబోయి ఆగింది. కోడలే మంచినీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టింది.

ఆయన నీళ్లు తాగి తల ఎత్తాడు. "అమ్మాయ్, నేనన్న మాట మనసులో పెట్టుకోబాక. ఇది నీ ఇల్లు. ఎవరూ ఎక్కడికీ పోవక్కర్లేదు."

జీవరత్నం తల ఊపింది.

ఆయన లేచి గుంజను అటూ ఇటూ ఊపి చూశాడు. "ఇంకో మూరెడు లోతు దించాల. పెనుగాలి వస్తే తీగెతో సహా పడిపోద్ది." గడ్డపార అందుకుని మట్టి తవ్వడం మొదలుపెట్టాడు. జీవరత్నం కూర్చుని ఆ మట్టిని చేతుల్తో పక్కకు తోడింది. గుంట మోకాలిదాకా దిగాక ఆయన తవ్వడం ఆపి, ఆమె ముఖంలోకి చూడలేక నేలకేసి చూస్తూ అడిగాడు.

"ఊ కొట్టింది నువ్వయితే... వాడు నిజంగా చివర్న ఏమన్నాడమ్మా?"

"వాగు దగ్గరికొచ్చేటప్పుడు కళ్లు తెరిచారు. 'నాయన నెత్తిన గుడ్డ లేదు, నా తుండు కప్పు' అన్నారు. అంతే."

ఆరోగ్యస్వామికి గుర్తొచ్చింది. ఆ ఎండలో నెత్తి మీద తడి తుండు పడటం, ప్రాణం లేచొచ్చినట్టు కావడం, వెనక్కి చూడకుండానే చేత్తో తడిమి సర్దుకోవడం.

"నువ్వే కప్పావనుకున్నా ఇన్నాళ్లూ."

"కప్పింది నేనే. కప్పమంది ఆయన."

ముసలాయన రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని, పెరట్లో పొద్దు వాలేదాకా అలాగే కూర్చుండిపోయాడు. ఈసారి కళ్లు తుడుచుకోలేదు. కోడలు ఆయన పక్కనే మట్టిలో కూర్చుని, భర్త పోయిన తరవాత మొదటిసారిగా గొంతు విప్పి ఏడ్చింది.